యంత్రగీతానికి కర్త ఎవరు?

మన వాగ్గేయకారులు కీర్తనలో తమ ముద్రను నిలిపేవారు. త్యాగరాజస్వామి తన పేరునే ముద్రగా గ్రహించగా, క్షేత్రయ్య పదాలలో ‘మువ్వగోపాల’ ముద్ర కనిపిస్తుంది. చట్టాలు లేని ఆ కాలంలో కర్తృత్వానికి అదే సాక్ష్యం. పరుల శబ్దార్థాలను అపహరించే కవులను గురించి రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో సవిస్తరంగా చర్చించాడంటే ఈ తగవు ఎంత పాతదో ఊహించవచ్చు.

నాలుగు వాక్యాలు టైపు చేస్తే సాహిత్యం, స్వరం, గాత్రం, వాద్యగోష్ఠి అన్నీ సమకూర్చి పాటను అందించే కృత్రిమ మేధా సాధనాలు నేడు ఫోనులోనే లభిస్తున్నాయి. లఘుచిత్రాలు తీసే విద్యార్థులు సైతం నేపథ్యసంగీతానికి వీటిని ఆశ్రయిస్తున్నారు. మరి ఆ పాటపై ముద్ర ఎవరిది?

సంగీతకృతికి స్వరకర్తయే కర్త అని 1957 నాటి మన కాపీరైట్ చట్టం నిర్దేశించింది. కంప్యూటరు ద్వారా జనించిన కృతికి, దానిని సృష్టింపజేసిన వ్యక్తి కర్త అవుతాడని 1994లో సవరణ చేర్చారు. ఆ వ్యక్తి వాక్యం టైపు చేసినవాడా, యంత్రాన్ని రూపొందించినవాడా అన్నది అందులో వివరించలేదు. నేటి యంత్రాలను ఊహించి వ్రాసిన మాట కాదది! అమెరికాలో మానవ కర్తృత్వం లేనిదే హక్కు లేదు. కేవలం ఆదేశవాక్యాలు ఇచ్చినంత మాత్రాన కర్తృత్వం సిద్ధించదని అక్కడి కాపీరైట్ కార్యాలయం 2025 జనవరిలో తెలిపింది. హక్కు లేని పాటను ఇతరులు వాడుకుంటే వారించే దారి ఉండదు. అయితే మనిషి స్వయంగా వ్రాసిన సాహిత్యంపై అతని హక్కు నిలిచే ఉంటుంది.

హక్కు వేరు, అనుమతి వేరు. పలువురు పొరబడేది ఇక్కడే. లైసెన్సు అనగా షరతులకు లోబడిన అనుమతి. సునో వంటి సేవలో ఉచితంగా చేసుకున్న పాటతో ధనార్జన చేయరాదు. ఆ అనుమతి రుసుము చెల్లించినవారికే. కనుక పాట చేసిననాటి నిబంధనల ప్రతిని భద్రపరచుకోవడం మేలు. రుసుము చెల్లించినా, ఆ పాట మరొకరి బాణీని పోలి ఉండదన్న పూచీ లేదు. తమ రికార్డులతో అనుమతి లేకుండా యంత్రాలకు శిక్షణ ఇచ్చారని 2024 జూన్‌లో ప్రముఖ సంగీత సంస్థలు సునో, ఉడియోలపై అమెరికాలో దావా వేశాయి.

బాణీకన్న సున్నితమైనది గాత్రం. ‘లాల్ సలామ్’ చిత్రంలోని ఒక పాటకు దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను పునఃసృష్టించినప్పుడు, వారి కుటుంబాల అనుమతి పొంది పారితోషికం చెల్లించినట్లు ఏ.ఆర్. రెహమాన్ 2024 జనవరిలో ప్రకటించాడు. అదే నెలలో, ఒక తెలుగు చిత్రంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును తమ అనుమతి లేకుండా పునఃసృష్టించారంటూ ఆయన కుమారుడు న్యాయవాది ద్వారా నోటీసు పంపారు. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును ఇటువంటి సాధనాలతో అనుకరించడాన్ని నిలుపుతూ బొంబాయి హైకోర్టు ఆ ఏడాది జూలైలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.