ఎనిమిదింట ఐదు వంతుల మనిషి

1952లో అహ్మదాబాదులోని కాలికో మిల్లుకు ఆటోమేటిక్ మగ్గాలు వచ్చాయి. మామూలు మరమగ్గంలో కండె అయిపోతే మగ్గం ఆపి మనిషి మార్చాలి. ఈ కొత్త మగ్గం తనంతట తానే మార్చుకుంటుంది. అంటే ఒక నేత కార్మికుడు మునుపటికన్నా చాలా ఎక్కువ మగ్గాలు చూసుకోవచ్చు, ఉత్పత్తీ పెరగాలి. కానీ పెరగలేదు. గుడ్డలో లోపాలూ తగ్గలేదు. పాత మగ్గాలే నయమేమో అనిపించింది.

తప్పు మగ్గంలో లేదు, మనుషుల్ని పంచిన తీరులో ఉంది. ఆ షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది కార్మికులు, 12 రకాల పనులు. నేసేవారు ఒకరు, కండెలు నింపేవారు ఒకరు, కుప్పగా తెగిన పోగులను అతికేవారు మరొకరు. నూనె పోయడానికి, ఊడ్చడానికి, గుడ్డ మోయడానికి కూడా వేరువేరు మనుషులు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో గడియారం పట్టి కొలిచి, ఎవరికి ఎన్ని మగ్గాలో తేల్చారు. ఆ అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. చివరికి ఒక్కో నేత కార్మికుడి వాటాకు కండెలు నింపే మనిషిలో ఎనిమిదింట ఐదు వంతులు, పోగులు అతికే మనిషిలో ఎనిమిదింట మూడు వంతులు, కండెలు మోసే మనిషిలో ఎనిమిదో వంతు వచ్చాయి. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ పోగులు తెగి మగ్గం ఆగినప్పుడు పిలిస్తే రావలసింది నిండు మనిషి. అతను అప్పటికే ఇంకెవరి మగ్గం మీదో వంగి ఉంటాడు. అతనికి ఈ నేత కార్మికుడు పై అధికారి కాదు, జట్టువాడూ కాదు. మరమగ్గాల మధ్య బతికే సిరిసిల్ల వాళ్లకు ఈ అవస్థ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మరుసటి ఏడు లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు వచ్చారు. ఆయన చెప్పింది చిన్న మాట: కొన్ని మగ్గాలను ఒక గుంపుగా చేసి, ఆ గుంపు మొత్తాన్ని ఒక చిన్న జట్టుకు అప్పగిస్తే ఎలా ఉంటుంది? ఎవరు ఎవరితో కలవాలో ఆయన నిర్ణయించలేదు. కార్మికులు, సూపర్‌వైజర్లు ఆ ఆలోచనను అందుకుని జట్లు తామే కట్టుకున్నారు. మొదట్లో కొంత ఒడిదుడుకు తప్పలేదు. కుదురుకున్నాక మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 శాతానికి చేరింది, లోపమున్న గుడ్డ 32 శాతం నుంచి 20కి దిగింది. కొత్త యంత్రం ఒక్కటీ కొనలేదు.

టావిస్టాక్ వారికి ఈ ఆలోచన బ్రిటన్ బొగ్గు గనుల్లో పుట్టింది. అక్కడ యంత్రాలు దిగాక పాత జట్లు చెదిరిపోయి పని ఎందుకు కుంటుపడిందో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ 1951లో రాశారు. బామ్‌ఫోర్త్ అంతకుముందు 18 ఏళ్లు గనిలో పనిచేసినవాడు. ఆ వ్యాసానికి బలం అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. యంత్రాన్నీ మనుషుల పొందికనూ కలిపి ఒకే వ్యవస్థగా చూడాలనే ఈ దృష్టికి సామాజిక-సాంకేతిక వ్యవస్థల సిద్ధాంతమని పేరు. నేటి కంపెనీలు డిజిటల్ మార్పులో మనిషిదే కేంద్రస్థానం అని పోస్టర్లు వేస్తున్నది ఈ పాత సంగతినే. పోస్టరు వేయడం తేలిక.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చే చిక్కు మగ్గంకన్నా కొంచెం లోతు. మగ్గం ఆగితే అందరికీ కనిపిస్తుంది. కంప్యూటర్ తప్పు చేస్తే తెర మీద ఒక అంకె మాత్రమే కనిపిస్తుంది, అదీ ఒప్పులాగే.

బ్రిటన్ పోస్టాఫీసు 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థను తన శాఖల్లో పెట్టింది. అక్కడ చాలా శాఖలు సబ్‌పోస్ట్‌మాస్టర్లనే చిన్న వ్యాపారులవి. చేత్తో పుస్తకం రాసే రోజుల్లో లెక్క తప్పితే వెనక్కి వెళ్లి ఏ వరసలో తప్పిందో వెతుక్కునేవారు. హొరైజన్‌లో వాళ్లకు దక్కింది లోటు అంకె. అది ఎలా వచ్చిందో తవ్వి చూసే దారి దాదాపు లేదు. లోటు పూడ్చే బాధ్యత మాత్రం ఒప్పందం ప్రకారం వాళ్లదేనని పోస్టాఫీసు పట్టుబట్టింది. సహాయానికి ఫోన్ చేస్తే, ఇలా అంటున్నది మీరొక్కరే అని చాలామందికి జవాబు వచ్చింది. అదే కాలంలో ఇంగ్లండులో కంప్యూటర్ సరిగా పనిచేసిందని సాక్ష్యంతో చూపించాలన్న చట్ట నియమాన్ని ఎత్తేశారు. ఇక కోర్టులు కంప్యూటర్ సరిగానే ఉందని అనుకుని మొదలుపెట్టేవి.

900 మందికి పైగా దోషులయ్యారు. కొందరు జైళ్లకు వెళ్లారు, కొందరు ఇళ్లు పోగొట్టుకున్నారు. వేల్స్‌లో అలన్ బేట్స్ అనే సబ్‌పోస్ట్‌మాస్టర్ ఆ లోటు తనది కాదని కట్టడానికి ఒప్పుకోలేదు. 2003లో ఆయన ఒప్పందం రద్దయింది. ఆయన వదల్లేదు. తనలాంటివాళ్లను కూడగట్టారు, 555 మంది కలిసి దావా వేశారు. హొరైజన్‌లో లోపాలున్నాయని, శాఖల లెక్కల్లో లోటు వాటివల్ల రాగలదని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. శిక్షలను మూకుమ్మడిగా కొట్టేయడానికి 2024లో చట్టమే చేయాల్సి వచ్చింది. కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్ల మాట వినడానికి ఒక దేశానికి పాతికేళ్లు పట్టింది.

మన ఊళ్లలో బిల్లింగ్ కంప్యూటర్ పెట్టిన దుకాణాల్లో చూడండి. చాలాచోట్ల కీబోర్డు పక్కన ఇంకా ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది. అప్పు ఎవరికి ఇచ్చింది, పగిలిన సరుకు ఎంత, రేపు ఇస్తానన్న చిల్లర ఎవరిది, అన్నీ అందులోనే. సాఫ్ట్‌వేర్ అమ్మినవాడికి అది పాతకాలపు అలవాటుగా, వదిలించాల్సిన జబ్బుగా కనిపిస్తుంది. నాకు అది తెరలో చోటు దొరకని పనుల జాబితాగా కనిపిస్తుంది. రైస్ లాంటి పరిశోధకులు రోజుల తరబడి షెడ్డులో నిలబడి ఏరుకున్న సమాచారం అక్కడ పెన్నుతో రాసి సిద్ధంగా ఉంటుంది.

మీ దుకాణంలోనో ఆఫీసులోనో కొత్త సాఫ్ట్‌వేర్ ఎంచుకునే బాధ్యత మీదైతే, డెమో చూడటానికి ముందు కౌంటరు దగ్గరి మనిషిని ఆ నోటుపుస్తకం ఒకసారి చూపించమని అడగండి.