టెర్రియర్ శునక పోషణము – మన ఇంటి చిట్కా దానికి విషము కావచ్చును

ఔషధమును నిర్ణయించునపుడు రోగి ప్రకృతి, బలము, వయస్సు, దేశము, కాలము అను వాటిని ముందుగా పరిశీలించవలెనని ఆయుర్వేదాచార్యులు విధించినారు. ఒకరికి హితమైనది వేరొకరికి అహితము కావచ్చును. మనుష్యులలోనే ఇంత భేదముండగా, మన వంటింటి మందు నాలుగు కాళ్ల ప్రాణికి కూడ సరిపోవుననుకొనుట ఎంత పొరపాటో నాకు ఆలస్యముగా తెలిసినది. ఆ సంగతి పాఠకులకు చెప్పుటకే ఈ వ్యాసము.

కొన్నేండ్ల క్రితము మా కుమారుడు టెర్రియర్ సంకరజాతి కుక్కపిల్లనొకదానిని ఇంటికి తెచ్చినాడు. మనుమలు దానికి బుజ్జి అని పేరు పెట్టినారు. పెరిగిన తరువాత దాని బరువు 7 కిలోలు. ఒకసారి మా ఇంట శుభకార్యము జరిగినపుడు, మిగిలిన ఉల్లిపాయల పులుసును అన్నములో కలిపి మూడు దినములు దానికి పెట్టినారు. నేను చూచియు ఊరకున్నాను. పైగా అది కొద్దిగా దగ్గుచున్నదని వెల్లుల్లి వేసి కాచిన పాలు త్రాగించినవాడను నేనే.

నాలుగైదు దినములు గడచునప్పటికి అది మెట్లెక్కలేక చతికిలబడినది. చిగుళ్లు పాలిపోయినవి. మూత్రము కాఫీ డికాక్షన్ రంగునకు మారినది. "తాతయ్యా, అందరికీ మందిస్తావు కదా, బుజ్జికి ఇవ్వవా?" అని మనుమరాలు ఏడ్చుచు అడిగినది. నా వద్ద సమాధానము లేదు. పశువైద్యశాలకు తీసుకొనిపోగా అచ్చటి వైద్యుడు రక్తము పరీక్షించి, "ఉల్లిపాయ, వెల్లుల్లి ఏమైనా పెట్టినారా అండీ?" అని అడిగినాడు. నలుబది ఏండ్లు వైద్యము చేసిన నేను ఆ యువకుని ముందు తల వంచుకొన్నాను. వారము దినముల చికిత్సతో బుజ్జి బ్రతికినది.

ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సంబంధ పదార్థములు శునకము యొక్క ఎర్ర రక్తకణములను చితుకగొట్టును. శరీర భారములో నూటికి అర భాగము ఉల్లి ఒక్కసారి తిన్నను ప్రమాదమే. 7 కిలోల కుక్కకు అది 35 గ్రాములు, అనగా ఒక చిన్న ఉల్లిపాయ మాత్రమే. ఉడికించినను, వేయించినను, పొడి చేసినను ఆ దోషము పోదు.

టెర్రియర్ స్వభావము

లాటిను భాషలో 'టెర్రా' అనగా భూమి. నేల బొరియలలో దాగిన నక్కలను, ఎలుకలను వెలికి తరుముటకై బ్రిటను దేశమున పెంచిన జాతులు కావున వీటికి టెర్రియర్ అను పేరు వచ్చినది. సంకరజాతియైనను ఆ రక్తము ఊరకుండదు. మట్టి త్రవ్వుట, చిన్న చప్పుడుకే మొరుగుట, ఎలుకను చూడగానే దూకుట వీటికి సహజము. దానిని దుర్గుణమని కొట్టరాదు. దినమంతయు గొలుసుతో కట్టివేసినచో కోపము, నిరంతర అరపు, తన కాళ్లను తానే కొరుకుకొనుట వంటి దోషములు పుట్టును. ఉదయము, సాయంత్రము అరగంట చొప్పున నడిపించవలెను. ఇంటిలో బంతితో ఆడించవలెను. అది తినునపుడు, నిద్రించునపుడు పిల్లలు ముట్టుకొనరాదు.

ఆహారము

పెరిగిన కుక్కకు దినమునకు రెండు పూటలు చాలును. ఉప్పు, కారము, మసాలా లేకుండ ఉడికించిన మాంసము లేదా గ్రుడ్డు, కొద్దిగా అన్నము, ఉడికించిన గుమ్మడి, క్యారెట్ పెట్టవచ్చును. అయితే కేవలము ఇంటి వంటతో దానికి కావలసిన ధాతువులన్నియు సమకూరుట కష్టము. కావున పాళ్లను పశువైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. శాకాహార కుటుంబములవారు పెరుగన్నము మాత్రమే పెట్టి పెంచుదురు. అది చాలదు. తయారుగా దొరకు కుక్కల ఆహారమునైనను వాడవలెను. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతికి తగులునట్లుండుట సరియైన దేహపుష్టికి గుర్తు. మంచినీరు ఎల్లవేళల అందుబాటులో ఉండవలెను.

పెట్టరాని వస్తువులు

ఉల్లి, వెల్లుల్లితో పాటు ద్రాక్ష, ఎండుద్రాక్ష కూడ నిషిద్ధము. ఇవి మూత్రపిండములను చెడగొట్టవచ్చును. పాయసములోని కిస్‌మిస్, లడ్డూలోని కిస్‌మిస్ ఈ కోవలోనివే. చాక్లెట్ గుండెను, నాడులను పీడించును. చక్కెర లేని మిఠాయిలలో కలుపు జైలిటాల్ అతి తీవ్ర విషము. ఉడికించిన కోడి ఎముకలు చీలి, ప్రేగులకు గ్రుచ్చుకొనును. కర్పూరము, కలరా ఉండలు, ఎలుకల మందు దానికి అందని చోట నుంచవలెను. ఫినాయిల్ వేసి తుడిచిన నేల పూర్తిగా ఆరువరకు దానిని రానీయరాదు. కుక్క తన కాళ్లను నాకుకొనును గదా.

మనము వాడు పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఇచ్చుట ప్రాణాపాయకరము. రసౌషధములు, భస్మములు కూడ మీ యంతట మీరు ఇవ్వరాదని ఆయుర్వేద వైద్యునిగా నొక్కి చెప్పుచున్నాను. ఇంకొక సంగతి. మన సహజోష్ణము 98.4 డిగ్రీలు కాగా, శునకమునకు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ సహజము. ఒళ్లు వెచ్చగా నున్నదని జ్వరపు మందు వేయుట తగదు.

పరిశుభ్రత, వేసవి జాగ్రత్తలు

ముతక వెంట్రుకలను వారమునకు రెండు మూడు సార్లు దువ్వవలెను. నెలకొకసారి స్నానము చాలును. మన సబ్బు దాని చర్మమునకు సరిపడదు. చెవులలో, వ్రేళ్ల సందులలో పిడుదులను వెదకవలెను. ఇవి రక్తమును పీల్చుటయే గాక తీవ్ర జ్వరములను కలిగించును. కిరోసిన్ పూయు ఆచారము చర్మమును కాల్చును, నాకినచో విషమగును. బరువును బట్టి పశువైద్యుడిచ్చు మందునే వాడవలెను. పడక గుడ్డలను ఉతికి ఎండలో ఆరవేయుట మాత్రము ఎవరైనను చేయదగిన మంచి పని.

కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు. రొప్పుటచేతనే వేడిని తగ్గించుకొనును. కావున వేసవిలో మిట్టమధ్యాహ్నము నడిపింపరాదు. అరచేతిని ఆనించి ఉంచలేని రోడ్డుపై దాని పాదములు కాలును. తలుపులు మూసిన కారులో కొద్దిసేపైనను విడువరాదు.

టీకాలు – అన్నిటికంటె ముఖ్యము

పిల్లకు 6 నుండి 8 వారముల వయస్సున పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరంభించవలెను. రేబిస్ టీకా 3 నెలల వయస్సున వేయించి, వైద్యుడు చెప్పిన గడువు ప్రకారము మరల వేయించవలెను. నట్టల మందు కూడ క్రమముగా ఇప్పించవలెను. టెర్రియర్ ఎలుకలను పట్టును గనుక లెప్టోస్పైరోసిస్ టీకా గురించి తప్పక అడుగుడు. ఎలుక మూత్రముచే వ్యాపించు ఈ రోగము కుక్క నుండి మనకు కూడ సోకగలదు.

పిచ్చికుక్క విషమును గూర్చి సుశ్రుత సంహిత కల్పస్థానమున వర్ణనము కలదు. కాటు తిన్నవానికి నీటిని చూచిన భయము కలిగినచో అది మరణ లక్షణమని సుశ్రుతాచార్యుడు చెప్పినాడు. నేటికిని ఆ మాట సత్యమే. రోగ లక్షణములు బయటపడిన తరువాత బ్రతికినవారు అత్యంత అరుదు. కావున పెంపుడు కుక్కయైనను సరే, వీధి కుక్కయైనను సరే, కరచినను, గోళ్లతో రక్కినను, ఆ చోటును సబ్బుతో, పారుచున్న నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసుపు, ఆకు పసరు ఏదియు పూయరాదు. బొడ్డు చుట్టూ వేసెడి పూర్వపు సూదులను మన దేశమున 2005 నాటికే మానివేసినారు. ఇప్పుడు భుజమునకు వేయు కొద్ది సూదులే. భయపడి ఆలస్యము చేయవద్దు.

వైద్యుని వద్దకు ఎప్పుడు పోవలెను?

పెరిగిన కుక్కకు ఒకటి రెండు విరేచనములైనచో, ఉత్సాహముగానే ఉన్నచో, ఒక పూట పలుచని గంజి అన్నము పెట్టి చూడవచ్చును. కాని పిల్లకు వాంతులు, రక్త విరేచనములు ఒక్కసారైనను, చిగుళ్లు పాలిపోయినను, మూత్రము నల్లబడినను, ఫిట్స్ వచ్చినను, ఆగక రొప్పుచున్నను ఆ గంటలోనే పశువైద్యుని వద్దకు పోవలెను.

చక్కగా సాకిన చిన్న టెర్రియర్ 12 నుండి 15 ఏండ్లు మనతో జీవించును. అది తన బాధను నోటితో చెప్పలేదు. మనము పెట్టినది విషమైనను నమ్మి తినును. ఆ నమ్మకమునకు తగినట్లు ప్రవర్తించుట గృహస్థుని ధర్మము. మా ఇంట ఇప్పుడు ఉల్లిపాయల బుట్ట అటకపై నున్నది. దానిని అచ్చట పెట్టినది మా మనుమరాలు.