న్యూట్రల్‌తో నష్టమే

బస్తర్ ఘాట్ రోడ్లపై హైబ్రిడ్ కారు బ్యాటరీ ఆయుష్షు చాలావరకు డ్రైవర్ చేతిలోనే ఉంది

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లేవారికి బస్తర్ పీఠభూమి కేష్‌కాల్ ఘాట్‌తోనే మొదలవుతుంది. కాంకేర్ దాటాక 30వ నెంబరు జాతీయ రహదారి 12 మలుపులు తిరుగుతూ పైకెక్కుతుంది. తేలిన్ సతీ మాత గుడి దగ్గర డ్రైవర్లు బండి ఆపి దణ్ణం పెట్టుకుంటారు. తిరుగు ప్రయాణంలో కొందరి చేతికి మరో అలవాటుంది. దిగుడు మొదలవగానే గేరును న్యూట్రల్‌కు తోసేయడం. నాలుగు చుక్కల ఇంధనం మిగులుతుందన్న ఈ లెక్క పాత జీపుల కాలం నాటిది. ప్రమాదం సంగతి అలా ఉంచినా, హైబ్రిడ్ కారులో ఆ లెక్క తలకిందులవుతుంది.

దిగుడులో పెడల్ వదిలేసినా, బ్రేకుపై మెల్లగా కాలు ఆనించినా కారులోని మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. న్యూట్రల్‌లో ఆ పని ఆగిపోతుంది. ఇంజిన్ తిరుగుతున్నా సరే బ్యాటరీకి చార్జింగ్ అందదు. ఏసీ, ఇతర పరికరాలు మాత్రం దాన్ని తోడేస్తూనే ఉంటాయి. పైగా బరువంతా మామూలు బ్రేకులపై పడి అవి వేడెక్కుతాయి.

2022లో టయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, మారుతి గ్రాండ్ విటారా రంగంలోకి దిగాక హైబ్రిడ్ అన్న మాట ట్యాక్సీ స్టాండుకూ చేరింది. గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీలో పట్టేది ముప్పావు యూనిట్ విద్యుత్తే. 2020లో వచ్చిన నెక్సాన్ ఎలక్ట్రిక్ కారులో అది 30 యూనిట్లు. అంత చిన్న బ్యాటరీ రోజంతా నిండుతూ, ఖాళీ అవుతూ ఉన్నా త్వరగా చావకపోవడానికి కారణం కంప్యూటరు కాపలా. అది బ్యాటరీని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. పొడవైన ఘాట్‌లో తన హద్దు వరకు నిండాక ఇక చార్జింగ్ తీసుకోదు. అప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా గోల చేస్తుంది. బండి పాడైందని కంగారుపడి న్యూట్రల్ వేసేవారు పొరబడుతున్నట్లే. అది ఇంజిన్ బ్రేకుగా పనిచేస్తున్న చప్పుడు. ‘బి’ అనే గేరు ఉన్న మోడళ్లలో నిటారు దిగుడుకు దాన్నే వాడాలి.

ఎక్కుడులో సమస్య వేరు. ముందున్న లారీని దాటాలని ప్రతి మలుపులోనూ యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కితే బ్యాటరీ నుంచి కరెంటు ఉధృతంగా బయటికి వస్తుంది. దాంతో వేడి పుడుతుంది. కిలోమీటర్ల కంటే ఈ వేడే బ్యాటరీకి పెద్ద శత్రువు. 2 లక్షల మైళ్లు, అంటే 3.2 లక్షల కిలోమీటర్లు దాటిన 2002 నాటి ప్రియస్‌ను అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2011లో పరీక్షించింది. మైలేజీ, వేగం దాదాపు కొత్త కారులో మాదిరే ఉన్నాయి. అయితే ఒక్క కారుతో అందరి జాతకం చెప్పలేం. అది తిరిగింది బస్తర్ ఎండల్లోనూ కాదు.

చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచేది క్యాబిన్‌లోని గాలే. దాన్ని పీల్చే జాలీ సీటు కిందో, పక్కనో ఉంటుంది. చిత్రకోట్ జలపాతం చూడటానికి విశాఖ నుంచి బయలుదేరిన కుటుంబం అక్కడే సంచులు, దుప్పట్లు కుక్కుతుంది. గాలి ఆడదు, ఫ్యాను హోరెత్తుతుంది. బైలదిల్లా గనులున్న బచేలీ, కిరందుల్ వైపు వెళితే ఎర్రదుమ్ము తోడవుతుంది. అద్దాలు దించి నడిపితే అది నేరుగా జాలీకే చేరుతుంది. ఫిల్టర్ ఉన్న కార్లలో దాన్ని దులిపించడానికి పట్టేది కొద్ది నిమిషాలే. సర్వీసుకు బండి ఇచ్చినప్పుడు ఆ మాట అడిగేవారు మాత్రం అరుదు.

టయోటా, మారుతి ఈ బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తున్నాయి. సొంత కారుకు అది సుదీర్ఘ కాలం. నెలకు 5,000 కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీకి మూడేళ్లలోపే ముగుస్తుంది. బండిపై తీసుకున్న అప్పు వాయిదాలు అప్పటికింకా మిగిలే ఉంటాయి.