పిలిచినా పలకని ప్రోగ్రామ్

కంప్యూటర్‌లో పూర్తిగా ఒంటరిగా పనిచేసే ప్రోగ్రాములు చాలా తక్కువ. ఖాతాల ప్రోగ్రామ్‌లో బిల్లు మీద నొక్కితే పీడీఎఫ్ చూపించే ప్రోగ్రామ్ తెరుచుకోవడం, మెయిల్‌లో వచ్చిన లింకును నొక్కితే బ్రౌజర్ రావడం, వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఒక ఫైలును మరో రూపంలోకి మార్చడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి పనిముట్టును తెర వెనుక నడపడం, ఇవన్నీ ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను పిలిచి పని చేయించుకునే సందర్భాలే. ఈ పిలుపు ఫలించినంతకాలం అలాంటిదొకటి జరుగుతోందన్న సంగతే వాడేవారికి తెలియదు. ఫలించనప్పుడు ఒక్కోసారి ఎర్రర్ మెసేజ్ వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. మౌస్ గుర్తు పక్కన చిన్న చక్రం క్షణకాలం తిరిగి ఆగిపోతుంది, విండో మాత్రం తెరుచుకోదు. నిపుణులు సైలెంట్ ఫెయిల్యూర్ అని పిలిచే ఈ చడీచప్పుడు లేని వైఫల్యంలో కంప్యూటర్ నిజంగా నోరు మెదపని సందర్భాలు అరుదు. జరిగినదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ దాదాపు ప్రతిసారీ చెబుతుంది, ఆ మాటను అందుకోవలసిన ప్రోగ్రామే దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది.

ఏ ప్రోగ్రామూ మరొకదాన్ని నేరుగా నడపలేదు, నడిపించమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను కోరగలదు, అంతే. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను, దానికి దక్కిన మెమరీతోనూ అనుమతులతోనూ తెరిచిన ఫైళ్లతోనూ కలిపి ‘ప్రాసెస్’ అంటారు. కోరిన ప్రాసెస్‌ను తల్లి అనీ, ఆ కోరిక మీద పుట్టినదాన్ని పిల్ల అనీ చెప్పుకోవచ్చు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్‌లో ఈ పుట్టుక రెండు అంచెల్లో జరుగుతుంది. ‘ఫోర్క్’ అనే పిలుపుతో తల్లి తనకు అచ్చమైన నకలును పుట్టించుకుంటుంది, ఆ నకలు ‘ఎగ్జెక్’ అనే పిలుపుతో తన లోపలి సరుకునంతా పారేసి కొత్త ప్రోగ్రామ్‌ను నింపుకుంటుంది. విండోస్‌లో ఈ నకలు ఘట్టం లేదు, ‘క్రియేట్ ప్రాసెస్’ అనే ఒక్క పిలుపే కొత్త ప్రాసెస్‌ను సిద్ధం చేస్తుంది. దానితోపాటు ‘షెల్ ఎగ్జిక్యూట్’ అనే మరో పిలుపు కూడా ఉంది. దానికి ప్రోగ్రామ్ పేరు చెప్పనక్కరలేదు, ఫైలు పేరు ఇస్తే చాలు, ఆ రకం ఫైలును ఏ ప్రోగ్రామ్ తెరవాలో రిజిస్ట్రీ అనే తన సెట్టింగుల నిల్వలో చూసుకుని విండోసే దాన్ని నడుపుతుంది. ఫైలును డబుల్ క్లిక్ చేసినప్పుడు జరిగేది దాదాపు ఇదే.

ఈ రెండు పిలుపులకూ ఉన్న తేడా పైకి చిన్నదిగా కనిపించినా, డబుల్ క్లిక్ చేస్తే చక్కగా తెరుచుకునే ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్ పిలిచినప్పుడు ఎందుకు తెరుచుకోదన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. 2007లో జనానికి అందిన విండోస్ విస్తా నుంచి, అడ్మినిస్ట్రేటర్ హక్కులు కావలసిన ప్రోగ్రామ్ మొదలయ్యే ముందు వాడేవారి అనుమతి అడగడం ఆనవాయితీ అయింది. షెల్ ఎగ్జిక్యూట్ ద్వారా పిలిస్తే ఆ అనుమతి పెట్టె తెర మీదికి వస్తుంది. క్రియేట్ ప్రాసెస్ ద్వారా పిలిస్తే పెట్టె రాదు, 740 అనే సంఖ్య మాత్రం తల్లికి తిరిగి వస్తుంది. ఆ సంఖ్యను చదివే ఏర్పాటు తల్లిలో లేకపోతే కథ అక్కడితో ముగుస్తుంది.

పిలుపుకు వచ్చే జవాబు నిజానికి ఒక్కటి కాదు, మూడు వేర్వేరు సమయాల్లో, మూడు వేర్వేరు దారుల్లో వస్తుంది. మొదటిది పిలిచిన వెంటనే వచ్చే సంఖ్య: విండోస్‌లో 2 అంటే ఫైలు కనబడలేదనీ, 5 అంటే ప్రవేశం నిరాకరించామనీ అర్థం. షెల్ ఎగ్జిక్యూట్ విషయంలో ఇక్కడొక పాత మెలిక ఉంది. 16 బిట్ విండోస్ కాలం నాటి పద్ధతిని కాపాడుకుంటూ వచ్చినందువల్ల, అది 32 కంటే పెద్ద సంఖ్యను ఇస్తేనే పని జరిగినట్టు లెక్క. సున్నా కానిదేదైనా విజయమేనని భావించి రాసిన ప్రోగ్రామ్, ఫైలు కనబడలేదని చెప్పే 2ను కూడా విజయంగానే జమ కట్టుకుంటుంది. రెండో జవాబు, పిల్ల ప్రాసెస్ నడుస్తున్నంతసేపూ తన తప్పులను రాసే ‘స్టాండర్డ్ ఎర్రర్’ అనే దారిలో వస్తుంది. యునిక్స్ తొలి రోజుల్లో మామూలు ఫలితాలకూ తప్పులకూ ఒకే దారి ఉండేది. తప్పుల సందేశాలు అచ్చుకు అక్షరాలు కూర్చే యంత్రంలోకి వెళ్లి ఫలితంతో కలిసి అచ్చయిపోతుండడం చూసి వాటికి వేరే దారి వేశారు. కిటికీలతో నడిచే నేటి ప్రోగ్రాముల్లో ఆ దారికి అవతలి చివర ఎవరూ లేకపోవడం మామూలైపోయింది. మూడోది పిల్ల ముగిసేటప్పుడు వదిలివెళ్లే ‘ఎగ్జిట్ కోడ్’; ఆనవాయితీగా సున్నా అంటే సవ్యంగా ముగిసిందని అర్థం. లినక్స్‌లో కమాండ్లను అందుకునే ‘షెల్’ ద్వారా పిలిచినప్పుడు 127 వస్తే ఆ పేరుతో ప్రోగ్రామ్ దొరకలేదనీ, 126 వస్తే దొరికినా నడిపే వీలు లేదనీ తెలుసుకోవచ్చు.

మొదటి జవాబు ఒక్కటే చూసి సంతృప్తి పడడమే ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. క్రియేట్ ప్రాసెస్ విజయం అని చెప్పే సమయానికి పిల్ల ప్రాసెస్ ఇంకా పూర్తిగా కళ్లు తెరవదు. దానికి కావలసిన డీఎల్ఎల్ ఫైళ్లు, అంటే అనేక ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు, ఆ తరువాతే లోడ్ అవుతాయి. వాటిలో ఒకటి లేకపోతే పిల్ల అక్కడికక్కడే ముగిసిపోయి -1073741515 అనే ఎగ్జిట్ కోడ్‌ను మిగులుస్తుంది. మామూలుగా అయితే ఫలానా ఫైలు లేదని ఒక పెట్టె తెర మీద కనిపించాలి. అయితే అటువంటి పెట్టెలు రాకూడదని తల్లి తన కోసం ముందే ఏర్పాటు చేసుకుని ఉంటే, వద్దని ప్రత్యేకంగా చెప్పనంతవరకు ఆ ఏర్పాటు పిల్లకూ సంక్రమిస్తుంది. ఫలితంగా తల్లి దృష్టిలో పిలుపు విజయవంతం, వాడేవారి దృష్టిలో ఏమీ జరగలేదు.

సంక్రమించేది ఇదొక్కటే కాదు. ఏ ఫోల్డరులో నిలబడి పనిచేయాలి, ప్రోగ్రాములను వెతకడానికి ఏ ఫోల్డర్లు చూడాలి, ఎవరి పేరుతో నడవాలి అన్నవి కూడా సాధారణంగా తల్లి నుంచే వస్తాయి. తన పక్కనే ఉన్న సెట్టింగుల ఫైలును పూర్తి చిరునామా లేకుండా ఉత్త పేరుతో వెతికే ప్రోగ్రామ్, తన ఫోల్డరు నుంచి మొదలైతే దాన్ని కనుగొంటుంది, వేరేచోటు నుంచి మొదలైతే కనుగొనలేదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ‘స్టార్ట్ ఇన్’ అనే గడిని ఖాళీగా వదిలేస్తే పని సిస్టమ్32 ఫోల్డరులో మొదలవుతుంది కనుక, చేత్తో నడిపితే నడిచి షెడ్యూలర్ నుంచి నడవని ప్రోగ్రాములకు ముందుగా అనుమానించవలసింది ఆ గడినే. ఇంకో చిత్రమైన సందర్భంలో ప్రోగ్రామ్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది, కిటికీ మాత్రం ఎవరికీ కనిపించదు. తెర వెనుక నడిచే సర్వీసులను విస్తా నుంచి ‘సెషన్ 0’ అనే వేరు గదిలో పెట్టారు. సర్వీసు పిలిచిన ప్రోగ్రామ్ మామూలుగా ఆ గదిలోనే కిటికీ తెరుస్తుంది, సరే నొక్కమని అడిగితే ఆ ప్రశ్నకు జవాబిచ్చే మనిషి అక్కడ ఉండడు.

పేర్ల దగ్గర వచ్చే చిక్కులు మరో రకం. ఫైలు పేరులో ఖాళీ ఉండి, తల్లి దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకుండా పంపితే, ‘జనవరి బిల్లు’ అనే ఒక్క ఫైలు పిల్లకు ‘జనవరి’, ‘బిల్లు’ అనే రెండు ఫైళ్లుగా అందుతుంది. తెలుగు లిపిలో పెట్టుకున్న పేర్లకు ఇంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. యూనికోడ్‌కు ముందు విండోస్ ఒక్కో లిపికి ఒక్కో ‘కోడ్ పేజీ’, అంటే అక్షరాలకు సంఖ్యలు కేటాయించే పట్టిక, వాడేది. సిస్టమ్ మొత్తానికి వాడుకునే అలాంటి పట్టిక తెలుగుకు ఎన్నడూ లేదు. అందువల్ల పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రామ్ చేతిలో పడిన తెలుగు పేరు వరుసగా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. విండోస్ ఫైలు పేర్లలో ప్రశ్నార్థకాన్ని అనుమతించదు కాబట్టి ఆ పేరుతో ఫైలు దొరికే ప్రసక్తే ఉండదు. ఫైలుకు తాత్కాలికంగా ఇంగ్లిషు పేరు పెట్టి చూస్తే సమస్య ఇదో కాదో ఒక్క నిమిషంలో తేలుతుంది. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి ప్రోగ్రాములు అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-8ను తమ కోడ్ పేజీగా ప్రకటించుకునే వీలు కలిగింది, అయితే పాత ప్రోగ్రాములు వాటంతట అవే బాగుపడవు.

పిల్ల చావకుండా బిగుసుకుపోవడం కూడా ఉంటుంది. పిల్ల రాసే మాటలు తల్లికి ‘పైప్’ అనే తాత్కాలిక నిల్వ గుండా వస్తాయి. లినక్స్‌లో దాని పరిమాణం సాధారణంగా 65,536 బైట్లు. పిల్ల ముగిశాకే చదువుదామని తల్లి కూర్చుంటే, పైప్ నిండిన క్షణాన పిల్ల రాయడం ఆపి తల్లి చదివేదాకా ఎదురుచూస్తుంది, తల్లేమో పిల్ల ముగిసేదాకా ఎదురుచూస్తుంది. చిన్న ఫైళ్లతో పరీక్షించినప్పుడు పైప్ నిండదు గనుక ఈ లోపం ప్రోగ్రామ్ తయారు చేసినవారి కంట పడకుండా వినియోగదారు దాకా వెళుతుంది. పైథాన్ భాష అధికారిక పత్రాలు కూడా దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి.

కారణాలు ఇన్ని ఉన్నా వెతుకులాటను ఒక్క ప్రశ్నతో సగానికి తగ్గించవచ్చు: పిలుపు అందుకున్న ప్రోగ్రామ్ ఈ క్షణాన బతికి ఉందా? విండోస్ టాస్క్ మేనేజర్‌లోని డీటెయిల్స్ పేజీలో దాని పేరు ఉంటే, అది కనిపించని గదిలోనో నిండిన పైప్ ముందో ఉందన్నమాట. అదే పేజీలో సెషన్ సంఖ్యనూ, ‘కమాండ్ లైన్’ అనే గడినీ చూపించమని కోరితే, తల్లి ఏ మాటలతో పిలిచిందో అక్షరం పొల్లు పోకుండా కనిపిస్తుంది. పేరు లేకపోతే తల్లి ఇచ్చే కమాండ్‌నే కమాండ్ ప్రాంప్ట్‌లో చేత్తో టైప్ చేసి చూడాలి. తల్లి పారేసిన తప్పుల సందేశం చాలాసార్లు అక్కడ మనిషి కంటికి దొరుకుతుంది. ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోయి ఉంటే ఈవెంట్ వ్యూయర్‌లోని అప్లికేషన్ లాగ్‌లో 1000 సంఖ్యతో ఒక నమోదు, ఏ ఫైలు దగ్గర కూలిందో దాని పేరుతో సహా సాధారణంగా ఉంటుంది.

ఇవేవీ ఆచూకీ ఇవ్వనప్పుడు విండోస్‌లో మిగిలేది ప్రాసెస్ మానిటర్ అనే పనిముట్టు. ఏ ప్రాసెస్ ఏ ఫైలును ఎప్పుడు అడిగిందో, ఏ జవాబు వచ్చిందో ఇది వరుస తప్పకుండా రాసిపెడుతుంది. దొరకలేదని చెప్పే వరుసలు అందులో వందలకొద్దీ ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం మామూలు వెతుకులాటే. ప్రాసెస్ ముగియడానికి కాస్త ముందున్న వరుసలను చదివితే చాలు. లినక్స్‌లో ఇదే పనిని ఎస్‌ట్రేస్ చేస్తుంది. ప్రాసెస్ మానిటర్‌ను తయారు చేసిన సిస్‌ఇంటర్నల్స్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో కొనేసింది, ఆ పనిముట్టును మాత్రం ఇప్పటికీ ఉచితంగానే ఇస్తోంది.