విడిభాగాలు: ధర కన్న నెంబరు ముఖ్యం

కుప్పం: మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ఈ ప్రాంతానికి మోటారు విడిభాగాలంటే బెంగుళూరు జె.సి. రోడ్డు, చెన్నై పుదుపేట పేరుపడ్డ మార్కెట్లు. ఇప్పుడు ఆన్‌లైన్ కొనుగోలు కూడా వాటికి తోడైనది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన తర్వాత పొరుగు రాష్ట్రపు సరుకుకూ పన్ను రేటు ఒక్కటే. 28 శాతం పన్ను ఉండిన మోటారు విడిభాగాలపై 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం అమలులో ఉన్నది. కనుక పన్ను, రవాణా కలిపిన ధరనే స్థానిక ధరతో పోల్చవలెను.

అయితే చౌకగా వచ్చిన సరుకు బండికి సరిపోకపోతే, దానిని తిప్పి పంపి మరొకటి వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది. దుక్కి రోజుల్లో ట్రాక్టరు ఆగితే ఆ నష్టం ధరలో మిగిలినదానిని మించిపోగలదు.

ఆర్డరుకు ముందు పాత భాగంపై గల నెంబరు చూసుకొనవలెను. 6203 బేరింగు అంటే లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. ఏ కంపెనీదైనా కొలత ఇదే. చివర 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్లు. 10 మిల్లీమీటర్ల బోల్టులో 1.5, 1.25 పిచ్‌లు రెండూ దొరుకుతాయి. ఒకదాని నట్టు రెండవదానికి పట్టదు. బలవంతాన బిగిస్తే మర పోతుంది. కార్ల ఇంజను, గేరుబాక్సు భాగాలకు 17 అక్షరాంకెల చాసిస్ నెంబరే ఆధారం.

2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించవలసి ఉన్నది. అందుకు బిల్లు, పెట్టె భద్రపరచుకొనుట అవసరం. బ్రేకు, స్టీరింగు సామాను మాత్రం మెకానిక్కు చూసిన తర్వాతే బిగించుట క్షేమం.