తల్లికి కీళ్లవాతం ఉంటే కూతురికీ వస్తుందా?

రుమటాయిడ్ కీళ్లవాతంతో మన ఆసుపత్రికి వచ్చే తల్లులు డాక్టరుగారిని మందుల గురించి అడుగుతారు. బయటికి వచ్చాక, బి.పి. చూసే బల్ల దగ్గర మమ్మల్ని మాత్రం వేరే మాట అడుగుతారు: "సిస్టరమ్మా, ఇది మా పిల్లకి కూడా వస్తుందా?" పెళ్లి సంబంధాలు చూసే రోజుల్లో నలుగురికీ తెలుస్తుందని మాత్రలు దాచేసి, చివరికి మానేసేవారు కూడా ఉన్నారు. అందువల్ల ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెప్పాలనుకున్నాము.

ముందుగా ఒక మాట. వయసు మళ్లాక మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. రుమటాయిడ్ కీళ్లవాతంలో మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పొరపాటుపడి మన కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచిపోతాయి. పొద్దున లేవగానే పిడికిలి బిగించడం కష్టమవుతుంది. నూటికి ఒకరికి లేదా అంతకంటే తక్కువ మందికి వచ్చే ఈ జబ్బు, మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఇది వంశంలో కొంత నడుస్తుందన్నది నిజమే. తల్లికి గాని, తోబుట్టువుకు గాని ఉంటే మనకు వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు పెరుగుతుంది. మూడు రెట్లు అనగానే భయపడతారు. కాని నూటికి ఒకరికి వచ్చేది మూడు రెట్లయినా నూటికి ముగ్గురే కదా! మిగతా తొంభై ఏడుగురికి రాదు.

దీనికంటే గట్టి రుజువు కవల పిల్లల్లో దొరికింది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు అచ్చుగుద్దినట్లు ఒకటే. అంతా జన్యువుల్లోనే ఉంటే, ఒకరికి వచ్చిన జబ్బు రెండో వారికి తప్పక రావాలి. 1993లో ప్రచురించిన బ్రిటన్ పరిశీలనలో అలా ఇద్దరికీ వచ్చింది నూటికి 15 జంటల్లోనే. మరి మిగతావారిలో అవే జన్యువులు ఉండి కూడా ఎందుకు ఊరుకున్నాయి?

జన్యువు ఉండడం వేరు, అది పనిచేయడం వేరు. మన కంటిలోని కణానికీ, కాలేయంలోని కణానికీ జన్యువులు ఒకటే. అయినా కన్ను కన్నులాగే, కాలేయం కాలేయంలాగే ఉంటున్నాయి. ఇంట్లో ఎన్ని దీపాలున్నా అవసరమైన గదిలోనే స్విచ్ వేస్తాం కదా, ప్రతి కణమూ తనకు కావలసిన జన్యువులనే తెరిచి, మిగతావాటిని మూసి ఉంచుతుంది. అలా మూసి ఉంచడానికి వాడే పద్ధతుల్లో ఒకటి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు. జన్యువు మొదట్లో ఆ గుర్తు పడితే సాధారణంగా ఆ జన్యువు నోరు మూసుకుంటుంది.

రుమటాయిడ్ రోగుల కీలు పొరలోని కణాలను పరీక్షించినప్పుడు, ఉండవలసిన చోట్ల ఈ గుర్తులు చాలా వరకు చెరిగిపోయి కనిపించాయి. వాపును పెంచే రసాయనాలను, ఎముక చివర ఉండే నున్నటి మృదులాస్థిని తినివేసే ఎంజైములను తయారుచేసే జన్యువులు తెరుచుకుని ఉన్నాయి. ఇంకా విచిత్రం, ఆ కణాలను శరీరం నుంచి వేరుచేసి ప్రయోగశాలలో పెంచినా తమ దుడుకుతనం మానలేదు. కణానికి జబ్బు అలవాటుగా మారిందన్నమాట. మొదటి నెలల్లోనే రండి, ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతో నెట్టుకు రావద్దు అని మేము పోరుపెట్టడానికి ఇదీ ఒక కారణం.

ఈ అదుపును తప్పించే వాటిలో బాగా రుజువైనది పొగ. బీడీ, సిగరెట్, చుట్ట ఏదైనా సరే. పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్లినప్పుడు అక్కడి కొన్ని ప్రోటీన్ల రూపు మారుతుంది. హెచ్.ఎల్.ఎ. అనే జన్యువుల్లో కొన్ని రకాలు ఉన్నవారిలో, మారిన ఆ ప్రోటీన్లను శరీరం పరాయివాటిగా లెక్కగట్టి వాటి మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. డాక్టరుగారు రాసే యాంటీ సి.సి.పి. రక్తపరీక్ష వీటి కోసమే. నొప్పి మొదలుకాకముందే కొన్నేళ్లపాటు ఇవి రక్తంలో ఉండవచ్చు. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట కాల్చే పెద్దమ్మలకు నోటి క్యాన్సర్ గురించి చెబుతూనే ఉన్నాము, కీళ్ల సంగతి కూడా దానికి చేర్చుకోవాలి. రాతి క్వారీల్లో, క్రషర్ల దగ్గర పీల్చే సిలికా ధూళి కూడా ఈ జబ్బు ముప్పును పెంచుతుంది. అలాగని పొగ జోలికి పోనివారికి రాదని కాదు. వచ్చినవారిని "నువ్వేం చేశావో" అని నిలదీయడం ఏ విధంగానూ న్యాయం కాదు.

మందులు కూడా ఈ స్విచ్‌ల మీదే పనిచేస్తాయని చాలామందికి తెలియదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, మంచం పట్టిన ఒక రోగికి కార్టిజోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకూ మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. స్టెరాయిడ్ కణం లోపలికి, అక్కడి నుంచి కేంద్రకంలోకి వెళ్లి వాపు జన్యువులను అణచివేస్తుందని ఆ తర్వాతి కాలంలో తెలిసింది. అయితే అది వాపు జన్యువుల దగ్గరే ఆగదు. చక్కెర, ఎముకలు, కండరాలకు సంబంధించిన జన్యువులనూ కదిలిస్తుంది. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడి మందుకు రెండు రోజుల్లో నొప్పి మాయమైతే, అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని అనుమానించండి. చాలాకాలం వాడినవారు హఠాత్తుగా మానినా ప్రాణాపాయమే. డాక్టరుగారే మెల్లగా తగ్గించాలి.

ఈ మధ్యకాలంలో వచ్చిన టోఫాసిటినిబ్ వంటి మాత్రలు, వాపు కబురు కేంద్రకానికి చేరే దారిని అడ్డుకుంటాయి. వీటిని మొదలుపెట్టే ముందు క్షయ ఉందేమో తప్పక చూడాలి. ఎక్కువమందికి మొదట రాసేది మాత్రం మెథోట్రెక్సేటే. ఇది వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో మా చేత రాయించుకోండి. బిడ్డను కనాలనుకునేవారు గర్భం రాకముందే డాక్టరుగారికి చెప్పాలి, ఈ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

ఇక మీ అమ్మాయి సంగతి. ఏ నొప్పీ లేని పిల్లకు జన్యు పరీక్షలు అక్కరలేదు, వాటితో ఖాయంగా తేలేదీ లేదు. పొద్దున వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోవడం, రెండు చేతుల కణుపులూ వాచడం, చేయి కలిపితే నొప్పి పుట్టడం కనిపిస్తే మాత్రం, అది తగ్గుతుందేమోనని నెలల తరబడి చూడకుండా రెండు మూడు వారాల్లోనే తీసుకురండి. అంతకుముందు ఏ మాత్రలు వేసిందో తెలియాలి కాబట్టి ఖాళీ అట్టలు పారేయకుండా వెంట తెండి.