బంగాళాఖాతం తుపాను, హిమాలయాల మంచు

మాది జలదంకి. అక్టోబరులో వాయుగుండం పట్టిందంటే మా ఊళ్లో అందరి చూపూ చెరువు మీదే. నాకు మాత్రం 2014 నుంచి నేపాల్ కొండలూ గుర్తొస్తాయి.

ఆ ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మనం కూలిన చెట్లూ తెగిన కరెంటు తీగలూ చూసుకుంటుంటే, బలహీనపడ్డ ఆ తుపాను తేమను మోసుకుంటూ ఉత్తరానికి పోయి 14న అన్నపూర్ణ ప్రాంతంలో మంచుగా కురిసింది. ట్రెకింగ్‌కు అక్కడ అదే మంచి కాలం. 5,416 మీటర్ల ఎత్తున్న తోరంగ్ లా కనుమ దారిలో, చుట్టుపక్కల కొండల్లో, చలికి కొందరు, మంచు చరియల కింద కొందరు పోయారు. మొత్తం 40 మందికి పైనే. అందులో గైడ్లున్నారు, జడలబర్రెల కాపరులున్నారు.

సీజన్ మొదట్లో మంచు పలచనే కదా, భయమేముంది అంటారు. భయం ఆ పలచనలోనే ఉంది. అడుగున నేల వెచ్చన, పైన గాలి గడ్డకట్టే చలి. ఆ తేడాకు పాత మంచు పట్టు వదిలి పంచదార పలుకుల్లా తయారవుతుంది. దాని మీద ఒక్కరోజులో అడుగో రెండడుగులో కొత్త మంచు పడినా, గాలి తెచ్చి కొండ అవతలి వాలులో మేట వేసినా, ఆ బరువు ఆగదు. మనిషి అడుగు పడితే చాలు, పైపొరంతా పలకగా విరిగి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులు మరీ ప్రమాదం. మంచు ఆగాక కూడా ఒకటి రెండు రోజులు వాటి జోలికి పోకూడదు. తెల్లారి ఎండ కాసిందని బయల్దేరేవాళ్లను తలచుకుంటేనే నాకు గుండె దడ. కూరుకుపోయిన మనిషిని పావుగంటలో తవ్వి తీస్తే బతికే ఆశ ఎక్కువ. ఆ తర్వాత అది గబగబా తరిగిపోతుంది.

కొండలు ఆరితేరినవాళ్లనూ వదలవు. మాకు దగ్గర్లోని సంగం మండలం గాంధీజనసంఘమే పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు ఊరు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలూ ఎక్కినవాడు. 2015 మార్చిలో ఆండీస్ కొండల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు. అతను పోయిన వారమే చిలీలో, చినుకెరగని అటకామా ఎడారిని వరదలు ముంచెత్తాయి. అక్కడా ఆకాశం కాలం కాని కాలంలో తిరగబడింది.

"నేపాల్ ట్రెకింగ్‌కు టికెట్లు కొనేశాం చిన్నాయనా" అంటారు మా పిల్లలు. పోండి, కానీ వారం ముందు నుంచే బంగాళాఖాతం బులెటిన్లు కూడా చూడండి. మన హిమాలయాల్లో అయితే చండీగఢ్‌లోని రక్షణశాఖ సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక చదవండి. తుపాను ఉత్తరానికి తిరిగిందని తెలిస్తే, గైడు రమ్మన్నా సరే, కనుమకు ఇవతలి ఊళ్లోనే ఆగిపోండి.